కొలతలిచ్చి చేయించే తుపాకీ

జాకెట్టు కుట్టించుకోవడానికి ఓ మంచి దర్జీని పట్టుకోవడం ఎంత పనో మీకు నేను చెప్పాలా? నెల్లూరులో నాకు కుదిరినవాడు దొరకడానికి పదకొండేళ్లు పట్టింది. ఒకడు భుజం దగ్గర బిగించేసి "మీరే ఒళ్లు చేశారమ్మా" అంటాడు. ఇంకొకడు మెడ దింపేసి "ఇప్పుడు ఇదే ఫ్యాషను" అంటాడు. చివరికి దొరికిన ముసలాయన మాత్రం గుడ్డ చేతిలోకి తీసుకుని, "ఈ గుడ్డ మీరనుకునే కుట్టుకి నిలవదమ్మా, వేరేది తెచ్చుకోండి" అని తిప్పి పంపించాడు. ఆరోజు కోపం వచ్చిన మాట నిజమే కానీ, మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లాను.

అందుకని, తుపాకీకి కూడా మనిషి కొలతలు తీసుకుంటారని మా మేనల్లుడు చెప్పినప్పుడు నవ్వొచ్చిందే గాని వింత అనిపించలేదు.

వాడు మా అన్నయ్య కొడుకు. అమెరికాలో, టెక్సాస్‌లో ఉద్యోగం. మొన్న సంక్రాంతికి వచ్చి, మైపాడులో మా ఇంట్లో నాలుగు రోజులున్నాడు. మా మిద్దె మీదికి ఎక్కితే సరుగుడు తోపు, దాని వెనక సముద్రం కనిపిస్తాయి. మావాడు అక్కడ చాప వేసుకుని, ఒళ్లో కాయితాలు పెట్టుకుని ఒకటే ఆలోచన. పెళ్లి సంబంధాలేమో అనుకుని నేను ఆశగా పక్కన కూచున్నాను. తీరా చూస్తే అవి తుపాకులు చేసేవాళ్ల వివరాలు! వాడక్కడ ఏటా దుప్పుల వేటకు వెళ్తాడట. ఇన్నాళ్లూ కొట్లో కొన్న రైఫిలు వాడాడు. ఇప్పుడు తన కొలతలతో ఒకటి చేయించుకోవాలి. ఇద్దరు పనివాళ్లు మిగిలారు, ఎవరికివ్వాలో తేలడం లేదు.

"నన్నడుగుతావేందిరా, నాకు కత్తిపీట తప్ప ఇంకేం తెలుసు?" అన్నాను.

"కత్తిపీట మాత్రం ఎవరుబడితే వాళ్ల దగ్గర కొంటావా అత్తా?" అన్నాడు. నిజమే, కొనను.

ఇక మొదలుపెట్టాడు. రైఫిలు గొట్టం లోపల మెలితిరిగిన గాళ్లుంటాయట. గుండు వాటి వెంట తిరుగుతూ బయటికొస్తుంది కాబట్టి, తాడు లాగి వదిలిన బొంగరంలా, ఒరిగిపోకుండా తిన్నగా పోతుందట. ఆ గాళ్లు ఎంత నున్నగా, సమంగా ఉంటే గురి అంత నిలకడ. ఇదంతా గొట్టం సంగతి. భుజానికి ఆనించుకునే చెక్క వేరే కథ. దాన్ని ఎక్కువగా అక్రోటు చెక్కతో చేస్తారు. మీట నుంచి మడమ దాకా ఎంత పొడుగుండాలో చేతి పొడుగుని బట్టి. చెంప ఆనించే చోటు ఎంత ఎత్తుండాలో మెడని బట్టి. ఎత్తగానే కన్ను దానంతటదే గురి మీదికి రావాలి. లండన్‌లో పెద్ద పేరున్న కంపెనీలు, 1835లో పుట్టిన హాలండ్ అండ్ హాలండ్ లాంటివి, మన రాజులకీ నవాబులకీ ఇట్లాగే చేసిచ్చేవట. కొలతలు తియ్యడానికి ఆ దొరల దగ్గర కీళ్లతో అటూ ఇటూ కదిలే ఒక ఉత్తుత్తి తుపాకీ ఉంటుంది. మనిషి భుజానికి దాన్ని సరిపెట్టి, కదిలించి, ఆ లెక్కలు రాసుకుంటారు. మన దర్జీ మెడలో టేపు వేసుకుని చేసే పనే.

వింటున్నంతసేపూ బాగానే ఉంది. కాసేపటికి నాకు కడుపులో దేవినట్టయింది. "చంపడానికి ఇంత ముస్తాబెందుకురా?" అన్నాను.

వాడు నా మొహంలోకి చూడలేదు. కింద వంటింటి వైపు చూశాడు. పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది. మాట మింగేశాను. మైపాడులో కాపురం ఉండి, పొద్దున్నే బోట్లు ఒడ్డుకి రాగానే బుట్ట పట్టుకు పరిగెత్తే దాన్ని నేను. సముద్రానికి కూడా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట సెలవుందనీ, ఆ రోజుల్లో చేపలు గుడ్లు పెట్టుకుంటాయనీ నాకు తెలుసు. అంటే మిగతా పది నెలలూ నేను తినేది ఎవరో చంపిందేనని కూడా తెలుసు. నా చేత్తో కాదు కాబట్టి గుర్తుండదు, అంతే.

వాడి వాదన ఇది. అక్కడ తోడేళ్లు ఎప్పుడో అంతరించాయి, దుప్పులు మందలు మందలుగా పెరిగాయి, ఎన్ని కొట్టాలో ఎప్పుడు కొట్టాలో ప్రభుత్వం లెక్క గడుతుంది, కొట్టిన మాంసం ఏడాది పొడుగునా తింటారు. మన దేశంలో 1972 చట్టంతో వేట చాలావరకు ఆగింది, 1991 సవరణతో దాదాపు పూర్తిగా పోయింది. ఇక్కడ అదే న్యాయం, అక్కడ ఇదే న్యాయం అంటాడు వాడు. నాకు సగమే మింగుడుపడింది. ఒక్క దెబ్బకి పోవడమే దుప్పికి దయ అంటే, అసలు పేల్చకపోవడం ఇంకా పెద్ద దయ కాదా? ఆ ముక్క వాడితో అన్నాను కూడా. "కావచ్చత్తా" అన్నాడు. వాడిలో నాకు నచ్చే గుణం అదే, గెలవడానికి మాట్లాడడు.

"అయితే కొట్లోదానికేం తక్కువ?" అని అడిగాను.

"ఈ రోజుల్లో తక్కువేం లేదు. చాలా బాగా కొడతాయి. కానీ అది కొట్లోది కాబట్టి, గురి తప్పినప్పుడు చెప్పుకోవడానికి బోలెడుంటాయి. మడమ పొడుగైంది, మీట బిగుసుగా ఉంది, చెక్క వానకి ఉబ్బింది. నా ఒంటికి కొలిచి చేసిందైతే చెప్పుకోవడానికేమీ మిగలదు. తప్పితే తప్పు నాదే. అట్టా ఉంటే, నమ్మకం లేనప్పుడు మీట మీద వేలు పెట్టను."

ఈ మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. మనం బతికేది దీనికి సరిగ్గా ఎదురుగా కదా! ఆవకాయ బూజు పడితే ఉప్పుది తప్పు. ముప్పయ్యేళ్లుగా నేను ఉప్పునే అంటున్నాను, జాడీ తడి ఆరకుండా పెట్టింది నేనేనని ఒక్కసారీ అనలేదు. పిల్ల కాపురం కుదరకపోతే జాతకాలు కలిపినాయనది, మధ్యవర్తిది, ఆఖరికి పెళ్లి జరిగిన మంటపంది. నింద వేసుకోవడానికి ఒకరు దగ్గర్లో ఉండాలి, అదీ మనకి కావలసింది. నింద వేసుకోవడానికి ఎవరూ లేకుండా చేసుకోవాలని డబ్బు పోసి ఒక వస్తువు చేయించుకునేవాణ్ని నేను చూడటం ఇదే మొదలు.

పొద్దున్నే కాఫీ తాగుతూ ఆ ఇద్దరు పనివాళ్ల సంగతీ అడిగాను. మొదటాయన ఎనిమిది నెలల్లో ఇస్తాడు. చెక్క మీద లతలు చెక్కుతాడు, పేరు కూడా వెండి రేకు మీద వేస్తాడు, అడ్వాన్సు పంపితే చాలు. రెండో ఆయన ముసలివాడు. ఏడాదిన్నర పడుతుందన్నాడు. అడ్వాన్సు సంగతి ఎత్తకుండా వీణ్నే ప్రశ్నలు వేశాడట. ఏ జంతువు? ఎంత దూరం నుంచి? ఏడాదికి ఎన్నిసార్లు కాయితం మీద గురి సాధన చేస్తావు? కొట్టిన మాంసం ఎవరు తింటారు? అన్నీ విని, "ఇంకో ఏడాది ఉన్న తుపాకీతోనే సాధన చెయ్యి, తరవాత రా. నీ చేతి పొరపాటు ఇంకా నీకే తెలియదు, దానికి నేనేం కొలత తియ్యను?" అన్నాడట.

"ఇంకేం, ఆయనే!" అన్నాను. నా ముసలి దర్జీ గుర్తొచ్చాడు.

"అంత తేలిగ్గా చెప్పేశావే?"

"వద్దని చెప్పగలిగినవాడే కావలసింది చేసిపెడతాడురా."

మావాడు ఒప్పుకోలేదు. తిప్పి పంపించే పనివాడిలో గర్వం కూడా ఉండొచ్చు అన్నాడు. అదీ నిజమే, పని రానివాళ్లు కూడా కసురుతారు. పనితనానికి వేరే పరీక్ష ఉండాలి. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ ఊళ్లో 1813 నుంచి దానికి ఒక ఇల్లే ఉందట. తుపాకీ అమ్మకానికి వెళ్లే ముందు మామూలుకంటే ఎక్కువ మందు దట్టించి పేల్చి చూస్తారు. గొట్టం చెదరకుండా నిలిస్తే ముద్ర వేస్తారు. చేసినవాడి పూచీ అక్కడితో సరి. పేల్చేవాడికి మాత్రం ముద్ర వేసే ఇల్లు ఏ దేశంలోనూ లేదు.

దశరథుడి కథ చిన్నప్పుడు విన్నప్పుడు, నీళ్లు ముంచుకునే శ్రవణకుమారుణ్ని తలుచుకుని ఏడ్చేదాన్ని. ఇప్పుడు దశరథుడే ఎక్కువ గుర్తొస్తాడు. విల్లు మంచిది, బాణం మంచిది, చప్పుడు విని కొట్టే విద్య వచ్చినవాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి, చూడటం ఒక్కటే లేదు. ఆయన బాణాన్ని తిట్టలేదు. వెళ్లి ఆ ముసలి తల్లిదండ్రుల ముందు నిలబడి, నేనే కొట్టానని చెప్పాడు.

ఇది అనుకున్నాక ఇక దాచలేకపోయాను. సాయంత్రం మావాణ్ని తీసుకుని ఒడ్డుకి వెళ్లాను. బోట్ల నీడలో కూచుని, ఎవరితోనూ అననిది చెప్పాను.

1966లో మా నాన్న రాపూరు వైపు అడవికి వేటకు వెళ్లాడు. తుపాకీ తనది కాదు, స్నేహితుడిది. నాన్న కొట్టిన దెబ్బ దుప్పికి తగిలింది గాని అది పడలేదు. రెండు రోజులు నెత్తురు చుక్కలు పట్టుకుని వెతికారు. ముళ్లపొదల్లో జాడ పోయింది. మూడోరోజు ఇంటికొచ్చి నాన్న అన్నం ముట్టలేదు. "ఆ తుపాకీ మంచిది కాదు, ఎడమకి కొడతా ఉంది" అన్నాడు. ఆ మాటే ఇంట్లో, తరవాత ఊళ్లో అందరి నోటా నానింది. ఆ స్నేహితుడు మా గడప తొక్కడం మానేశాడు. చెడిపోయిన తుపాకీ అంటగట్టినవాడన్న పేరుతోనే పోయాడు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. వేటకు వెళ్లే ముందురోజు వసారాలోకి కాఫీ గ్లాసులు తీసుకెళ్లింది నేనే. ఆయన నాన్నతో చెబుతూ ఉన్నాడు. "ఇది కాస్త ఎడమకి పోతుంది, నీకు కొత్త చెయ్యి. ముందు చెట్టుకి గుడ్డ కట్టి ఒకటి పేల్చి చూసుకో." నాన్న నవ్వాడు. "ఉన్నవే ఐదు తూటాలు, దండగ చెయ్యమంటావా?" అన్నాడు.

మా నాన్న మంచివాడు. ఆ తరవాత మళ్లీ తుపాకీ పట్టలేదు. ఆ దుప్పిని చివరిదాకా మరిచిపోలేదని మా అమ్మ చెప్పేది. బతికినన్నాళ్లూ ఆయన మీద జాలితో నోరు విప్పలేదు. పోయాక, ఇంకెందుకులే అనుకున్నాను. అవతలాయనకీ పిల్లలున్నారు. నెల్లూరు బజార్లో ఎదురైతే ఇప్పటికీ తలవంచుకుని పోతారు. తలవంచుకోవలసింది నేను.

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. ఇసకలో వేలితో గీతలు గీస్తూ కూచున్నాడు. ఆఖరికి, "వెనక్కి ఎన్ని తెచ్చాడత్తా?" అన్నాడు.

"నాలుగు" అన్నాను.