ఇరుసు ఒకటి, చక్రములు రెండు

ఈ సంచికకు ధర్మవిషయమున నేదైన వ్రాయుడని సంఘమువారు కోరగా మేము కొంత జంకితిమి. మేము పండితులము కాము. యస్.యస్.ఎల్.సి.తో చదువు చాలించి, ముప్పదియెనిమిదేండ్లు గుమాస్తా పని చేసి, ఇప్పుడు పొన్నేరిలో ఇంటి అరుగుపై కూర్చుండి ప్రొద్దు పుచ్చుచున్నవారము. కాని గడచిన సంక్రాంతికి అమెరికానుండి వచ్చిన మా తమ్ముని కుమారుడు మోటారు కారును గూర్చి చెప్పిన యొక సంగతి మమ్ము చాల రాత్రులు నిద్రపోనీయలేదు. అదియే వ్రాయుచున్నాము. కారు మాటలో ధర్మమేమున్నదని పాఠకులు తొందరపడకుందురు గాక.

అతనికచట మాజ్డా మియాటా యను రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కలదు. 1989లో జపానువారు మొదట వెలువరించిన రకము. ఇంజను ముందుండును, బండిని నెట్టునవి వెనుక చక్రములు. సెలవు దినములలో దానిని పందెపు బాటలపై నడుపునట. పందెపు కార్లు పొన్నేరివారికి క్రొత్త గాదు. ఇక్కడికి సుమారు పది మైళ్ల దూరమున షోలవరములో రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానపు బాట యొకటి యుండెను. 1953లో ఏర్పడిన మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బువారు ఏండ్ల తరబడి దానిపై పందెములు జరిపిరి. మా బాల్యమున తమ్ముడును మేమును ఒకే సైకిలుపై పోయి, కంచె దగ్గర నిలుచుండి, ఫియట్లును హెరాల్డులును మలుపులలో తోక విసరుట చూచితిమి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో క్రొత్త బాట వచ్చిన పిమ్మట ఆ సందడి అటు పోయెను.

ఆ మియాటాకు లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అమర్పవలెనని అబ్బాయి కోరిక. "దాని పని యేమిరా?" అంటిమి. "జారిపోయే చక్రం కోసం రెండో చక్రం ఆగిపోకుండా చేస్తుంది, పెదనాయనా" అన్నాడు. అంతటితో విడువక, బజారు చివర మెకానిక్కు షెడ్డుకు మమ్ము తీసికొనిపోయెను. అచట పాత అంబాసిడరు కారొకటి, వెనుక చక్రములు రెండును నేలకంటకుండ, జాకీలపై నిలిచియుండెను. గేరు వేసి, ఒక చక్రమును చేతితో ముందుకు త్రిప్పుమనెను. త్రిప్పితిమి. ఆవలి చక్రము వెనుకకు తిరిగినది! మరల త్రిప్పితిమి, మరల నట్లే. జీవితమంతయు బస్సులలో తిరిగితిమి గాని, అడుగున నిట్టి వింత యున్నదని యెన్నడు నెరుగము.

కారు మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రము లోపలిదానికంటె ఎక్కువ దూరము పోవలెను. రెండింటి నడుమ దూరము నాలుగున్నర అడుగులైనచో, ఒక పూర్తి చుట్టు తిరుగునప్పటికి వెలుపలిది సుమారు 28 అడుగులు ఎక్కువ నడచును. గుడి చుట్టు తిరిగినను, ఊరి చుట్టు తిరిగినను ఆ 28 అడుగులే. (దీనిని మేము కాగితముపై లెక్కించి చూచితిమి. గుమాస్తాకు లెక్క యను వ్యసనము పోదు.) రెండు చక్రములను ఒకే కడ్డీకి బిగించినచో మలుపులో ఏదియో యొకటి నేలపై ఈడ్వబడవలెను. అందుకై నడుమ చిన్న పళ్లచక్రములను పెట్టి, ఎవరి వేగము వారిదిగా విడిచినారు. అదియే డిఫరెన్షియల్. వేగమున స్వేచ్ఛ, బలమున మాత్రము సమానత్వము. ఇంజను త్రిప్పుబలమును ఇరువైపులకును సరిసమానముగా పంచుట దాని నియమము.

వినుటకెంత ధర్మముగ నున్నది! కాని యొక చక్రము బురదలో పడినదనుకొనుడు. పట్టు లేదు గనుక అది ఇంచుమించు బలమేమియు తీసికొనజాలక ఊరక గిరగిర తిరుగును. నియమము సమానత్వము గనుక గట్టి నేలపై నున్న రెండవదానికిని అంతే దక్కును, అనగా నేమియు దక్కదు. ఇంజను రొద చేయును, పెట్రోలు కాలును, బండి మాత్రము కదలదు.

ఇక్కడ మేము మా తండ్రిగారిని తలచుకొంటిమి.

1976లో మేము యస్.యస్.ఎల్.సి. మంచి మార్కులతో నెగ్గితిమి. ఆ యేడే తమ్ముడు తొమ్మిదవ తరగతిలో తప్పి, ఇక బడికి పోనని మొండికెత్తెను. మమ్ము కాలేజీకి పంపుడని హెడ్మాస్టరుగారు స్వయముగా ఇంటికి వచ్చి చెప్పిరి. మా తండ్రిగారు ఆయనకు మజ్జిగ యిచ్చి, "అయ్యా, ఇద్దరూ నాకు రెండు కండ్లు. చిన్నవాడికి లేనిది పెద్దవాడికి వద్దు" అనిరి. కోపము లేదు, కాఠిన్యము లేదు. అది న్యాయమని ఆయన నిజముగా నమ్మిరి. మేము టైపు నేర్చుకొని గుమాస్తా నైతిమి. ఈ మాట ఇంతవరకు ఎవరితోను చెప్పలేదు. చెప్పినచో తమ్ముని మనసు నొచ్చును.

లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఈ సమానత్వమును కొంత సడలించును. లోపల కొన్ని పలుచని పలకలు వరుసగా నుండును. ఒకటి విడిచి యొకటి కొన్ని ఇరుసు వైపునకు, కొన్ని పెట్టె వైపునకు పట్టియుండును. స్ప్రింగు వానిని ఒండొంటికి అదుముచుండును. ఒక చక్రము మితిమీరి పరుగెత్తినచో ఆ పలకల రాపిడి దానిని వెనుకకు పట్టి, గట్టి నేలపై నున్న చక్రమునకు ఎక్కువ బలము చేర్చును. జర్మనీలో ఫెర్డినాండ్ పోర్షే ఆటో యూనియన్ సంస్థకై చేసిన పందెపు కారులో గంటకు 160 కిలోమీటర్ల వేగమునను ఒక వెనుక చక్రము ఊరక తిరిగిపోవుచుండుటచే, 1935లో జెడ్.ఎఫ్. వారిచేత ఇట్టి యేర్పాటును చేయించెను. పలకలు లేక కేవలము పళ్లచక్రములతోనే చేయు మరియొక రకము కలదు. అది జారు చక్రము పట్టుకొనగలిగిన బలమునకు ఇన్ని రెట్లని రెండవదానికిచ్చును. చక్రము పూర్తిగ గాలిలో లేచినచో సున్నకు ఎన్ని రెట్లైనను సున్నయే. జారువాడు కొంచెమైనను కాలూనవలెనన్నమాట. అబ్బాయి పలకల రకమునే ఎంచుకొనెను.

అట్లైనచో ఉన్నవానికే మరింత ఇచ్చుట ధర్మమా? మేము చిక్కుపడినది ఇచటనే. కారులో నిది ధర్మమే; ఏలయన, గట్టి నేలపై నున్న చక్రము కదలినచో బురదలోని చక్రమును దానివెంట బయటకు వచ్చును. ఇరుసొకటి. మనుష్యులకట్లు కాదు. మా తండ్రిగారి అన్నగారిని పొలమమ్మి చదివించిరి. ఆయన ఢిల్లీలో ఉద్యోగమున చేరి, మొదట ఉత్తరములు వ్రాసి, తరువాత అవియు మానిరి. పట్టున్న చక్రము ఇరుసు విడిచి పోయెను. మా తండ్రిగారి సమానత్వము ఈ భయమునుండి పుట్టినది. ఆయనను తప్పు పట్టవలెనన్న మాకిప్పుడు నోరాడదు. ఐనను ఆ మజ్జిగ గ్లాసు కండ్ల ముందు మెదలుచునే యున్నది.

మన సంఘములలో విద్యానిధి పంచునపుడు వచ్చు తగవు నిదియే గదా! తలకింత యని అందరికి కొంచెము కొంచెము ఇచ్చినచో ఎవరి పుస్తకములకును చాలదు. ఒకరిద్దరికే ఎక్కువ ఇచ్చినచో వారు దూరదేశము పోయి తిరిగి చూడరని గొణుగుడు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు సవరించినపుడు పొన్నేరి తాలూకా గ్రామములు కొన్ని ఆంధ్రప్రదేశమున చేరెను. మనము ఇటే నిలిచితిమి. అది మేము పుట్టిన యేడు. ఇటు నిలిచిన కొద్దిమందికి ఈ తగవు మరింత బరువైనది.

స్వేచ్ఛయే వలదని రెండు చక్రములను కలిపి బిగించు ఉపాయమును లేకపోలేదు. ట్రాక్టరు బురదమడిలో దిగబడినపుడు డ్రైవరు మడమతో ఒక పెడలు నొక్కును. చక్రములు రెండును ఒకటై, బండి బయటపడును. గట్టున మలుపు తిరుగుటకు ముందే కాలు తీయవలెను. లేనిచో బండి తిన్నగనే పోవజూచును. కొందరు పందెగాండ్రు లోపలి పళ్లను వెల్డింగుతో శాశ్వతముగ అతికింతురు. అప్పుడు తడి బాటపై జారినచో రెండును కలిసియే జారును. తోక నిలుపుటకు పట్టున్న చక్ర మొకటియైనను మిగులదు. తండ్రిగారు పోయిన పిమ్మట మేమిరువురమును ఆరేండ్లు అట్లే యుంటిమి. ఒకే పొయ్యి, ఒకే పెట్టె. తమ్ముడు బియ్యపు వ్యాపారమున నష్టపడగా మా జీతమును, మా భార్య గాజులును దానిలోనే కరగెను. పిదప ఇంటి నడుమ గోడ పెట్టితిమి. గోడలో తలుపు పెట్టుమని మేస్త్రీతో చెప్పినది తమ్ముడే. గడియ ఏ వైపున నుండవలెనని మేస్త్రీ యడుగగా ఇద్దరము మొగములు చూచుకొని, గడియయే వలదంటిమి. అబ్బాయి ఇంజనీరింగు ఫీజులు ఆ తలుపు గుండనే పోయెను.

అతడు అమెరికాకు మరలి, ఆ పని చేయుచు ప్రతి ఆదివారము ఫోనులో చెప్పుచుండెను. పాత నూనె వంచి, ఇరుసులు లాగి, పెద్ద పళ్లచక్రమును పాత పెట్టెనుండి విప్పి క్రొత్తదానికి బిగించవలెను. పంటికిని పంటికిని నడుమ సందు మిల్లీమీటరులో ఇంచుమించు పదియవ వంతు మాత్రమే యుండవలెను. తక్కువైనచో వేడెక్కి అరుగును, ఎక్కువైనచో మ్రోగును. పళ్లకు రంగు పూసి త్రిప్పి, ఎచట తాకుచున్నదో చూచి, పలుచని రేకులు పెట్టుచు తీయుచు సరిచేసినాడట. "ఆ లోపలి పలకలను ఎంత బిగువుగా ఉంచినావు?" అని యడిగితిమి. "అది ఎవరి చేతికి తగినట్టు వాళ్లు చూసుకోవాలి, పెదనాయనా. ఎక్కువ బిగిస్తే మలుపులో తిరగనంటుంది" అన్నాడు.

కడపటి ఆదివారము కారు రోడ్డెక్కినది. వర్షములో కూడ రెండు చక్రములును కలిసి నెట్టుచున్నవట. మెల్లగా మలుపు తిరుగునపుడు మాత్రము వెనుకనుండి కటకటమను శబ్దము వచ్చుచున్నదనియు, ఈ రకమునకు వేరుగ పోయవలసిన నూనె మందు మరికొంత పోసి చూచెదననియు, ఐనను అది పూర్తిగ పోదనియు చెప్పెను.

ఫోను పెట్టునంతలో తలుపావలినుండి తమ్ముడు, "ఏం శబ్దమటన్నా?" అని యడిగెను.