పెక్కు తెరలు, ఒక్క మనస్సు

హైదరాబాదున మూడు మానిటర్ల యెదుట కూర్చుండి, సముద్రముల కావలనున్న యొక సర్వరుపై రాత్రియెల్ల పనిచేయు ఉద్యోగి స్థితిని కొంచెము విచారింపవలసియున్నది. ఆ సర్వరునకు అచ్చట మానిటరే లేకపోవచ్చును. రిమోట్ డెస్క్‌టాప్ సంబంధ మేర్పడిన పిదప అది చిత్రించునదంతయు ఇచ్చటి తెరల నిమిత్తమే. చిత్రములు ఇటు వచ్చును, కీబోర్డుపై వ్రేళ్ల యొత్తిడియు మౌసు కదలికయు అటు పోవును. దేహ మొకచోటను, కార్యము వేఱొకచోటను నిలుచును. ఇట్లు పెక్కు తావుల నుండువా డొక్కడేనా, పలువురా యను ప్రశ్న మన శాస్త్రములకు క్రొత్తది కాదు.

విండోస్ విస్టా కాలమునాటి ‘స్పాన్’ పద్ధతిలో దూరపు యంత్రము మానిటర్లన్నిటిని కలిపి యొకే వెడల్పు తెరగా నెఱుగును; అందుచే మానిటర్లు రెండైనచో, నడుమ వెలువడిన చిన్న సందేశపు పెట్టె, సగ మెడమ తెరపైనను సగము కుడి తెరపైనను పడి, మధ్యనున్న నల్లని చట్రముచే రెండుగా చీలి కనబడును. 2009లో విండోస్ 7తో వచ్చిన ‘మల్టీమాన్’ పద్ధతిలో నట్లుగాక 16 మానిటర్ల వఱకు దేనికదిగా నెఱుగును. ఏకముగ నెఱిగినను అనేకముగ నెఱిగినను ఆ భేదము దృశ్యమునకు సంబంధించినదే; కూర్చున్నవానికి ‘నేను మువ్వుర నైతి’నని యెన్నడును తోచదు.

సౌభరి మహర్షి మాంధాత కూఁతుల నేఁబండ్రను వివాహమాడి, అందఱియొద్దను ఏకకాలమున నుండెనని విష్ణుపురాణము చెప్పుచున్నది. కూఁతుల జూడవచ్చిన తండ్రితో ప్రతి పుత్రికయు, తన భర్త తన్ను విడిచి యెటును పోవుట లేదనియు, తోబుట్టువుల గతి యేమయ్యెనో యనియు దుఃఖించెను. ఇట్టి యోగి నిర్మించు చిత్తములు పెక్కైనను వాని నన్నిటిని నడపు చిత్త మొక్కటియే యని పతంజలి కైవల్యపాదమున నిర్ణయించెను. బ్రహ్మసూత్రముల నాలుగవ యధ్యాయమునందును, ముక్తుఁడు పెక్కు దేహముల నావేశించుట ప్రదీపమువలె నని చెప్పఁబడినది.

మనబోంట్లకు వర్తించునది నైయాయికుల మాట. జ్ఞానములు ఏకకాలమున పుట్టకుండుటయే మనస్సునకు లింగమని గౌతముఁడు సూత్రించెను; మనస్సు అణుపరిమాణము, ఒక్క క్షణమున నొక్క యింద్రియముతోనే కూడును. మూడు తెరలును ఒక్కసారి వెలుఁగుచునే యుండును, కాని టైపుచేసిన యక్షరము ఒక్క విండోకే చేరును, మనస్సును ఒక్కదానియందే నిలుచును. కావున తెరలను పెంచుకొన్నవాఁడు తన దృశ్యమును పెంచుకొన్నాఁడే కాని తన మనస్సును పెంచుకొనలేదు. ఏకకాలమున నన్నియు చూచుచున్నానని యతఁ డనుకొనుట మనోవేగమువలనఁ గలిగిన భ్రాంతి.

అయినను నేను తర్కముతో నిచ్చట నాగిపోఁజాలను. కుడి తెరపై మునిఁగియుండి, ఎడమ తెరపై వచ్చిన వర్తమానమును గమనింపనివాఁడు, కొంతసేపటికి ‘నా మనస్సు అచ్చట లేదు’ అనును. మనస్సు లేనిచోటును, మనస్సు కదలిన కదలికను తెలిపిన దేది? అది మనస్సే యనుటకు వీలులేదు, ఆ వేళ మనస్సు వేఱుచోట నుండెను గదా. నైయాయికుఁ డిచ్చట ఆత్మను చెప్పును. అద్వైతి సాక్షి యనును. మనోవృత్తుల రాకపోకలయందు తాను రాకపోకలు లేక వెలుఁగొందు నా యెఱుకను అంగీకరించుటయే నాకు యుక్తముగఁ దోఁచుచున్నది.

ఇంకొక సంగతి. ఉద్యోగి లాగాఫ్ కాక సంబంధమును మాత్రము తెంచిన, దూరపు యంత్రమున ప్రోగ్రాములు నడచుచునే యుండును. మఱునాఁ డింటియొద్ద చిన్న ల్యాప్‌టాప్‌తో మరల కలిసినపుడు, మూడు తెరలపై విడిచిన విండోలన్నియు ఆ యొక్క తెరపైకి చేరి నిలుచును. ‘ఇది నిన్న నేను విడిచిన పనియే’ యని యతఁడు గుర్తించును. తెర మాఱినది, తావు మాఱినది, నడుమ నిద్రయు గడచినది. అయినను ప్రత్యభిజ్ఞ చెడలేదు. పనిని యంత్రము నిలిపినది నిజమే. పాస్‌వర్డు తెలిసిన మఱియొకనికిని అది యట్లే తెఱచి చూపును. నిన్న విడిచినవాఁడను నేనే యను నెఱుక మాత్రము వానికి కలుగదు.