పేరు లేనిదెల్ల పారవేయదగినదేనా?

పండుగకు ముందు ఇల్లు దులుపు ఇల్లాలు అటుకమీది పాతసామానును ఒక్కొక్కటిగా చేతబట్టి చూచిన పిమ్మటనే పారవేయును. పనికిరాని గంప యనుకొన్నదానిలో విత్తనపుమూట దొరకవచ్చునని ఆమె యెరుగును. వస్తువును ముట్టకయే, చూడకయే తొలగించు పద్ధతి మన కాలమున వచ్చినది. దాని ధర్మాధర్మములను విచారింపవలసియున్నది.

దూరముననున్న కంప్యూటర్లను అద్దెకు వాడుకొను ఏర్పాటును క్లౌడు అందురు. పేరు మేఘమేగాని యది నిలుచునది నేలమీదనే. మైక్రోసాఫ్టు సంస్థ తన డేటా కేంద్రములకై భూములు కొన్న మేకగూడ, షాద్‌నగరు 2016 వరకు పాలమూరు జిల్లాలోనివి. ఆ సంస్థవారి అజూర్ సేవయందు, మనుష్యుడు నిద్రించుచుండగా పనులు నడపు ‘ఆటోమేషను అకౌంటు’ కలదు. పనుల క్రమము, వాని వేళలు, రహస్యపదములు అందుండును. తొలగింపుమని యొక్క ఆజ్ఞ పంపినచో లోనివన్నియు దానితోడనే పోవును. జవాబుగా మూడంకెల సంఖ్య వచ్చును. ఎవరి పని నిలిచిపోయినదో ఆ సంఖ్య చెప్పదు.

ఇంతకంటె విచారింపదగిన విషయ మింకొకటి కలదు. కావలసినవానిని పట్టికగా వ్రాసి పంపు విధానమున రెండు రీతులున్నవి. మొదటి రీతిలో, పట్టికయందు లేని పాతవస్తువు జోలికి యంత్రము పోదు. రెండవదానిలో, ఆ గుంపునందు పేరు వ్రాయనిదానినెల్ల తీసివేయును. ఇచ్చట మరచుటయే ఆజ్ఞ యగుచున్నది.

ఇది యంత్రములతో పోవు మాటయైన మేమింత వ్రాయకుందుము. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిదప కంప్యూటరు లెక్కల ననుసరించి లక్షలాది రేషనుకార్డులు రద్దయినవి. ఇంటికి నోటీసైన రాలేదని వ్యాజ్యము నడిచెను. సుమారు 19 లక్షల కార్డులను ఊరూర తిరిగి విచారింపుడని 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఆదేశించినది. పొట్టకూటికై బొంబాయికి వలసపోయిన పాలమూరు కూలి, దేవరకొండ తండాలోని వృద్ధురాలు, తమ పేరు పోయినదని యెప్పుడు తెలిసికొందురు? బియ్యపు దుకాణము ముందు నిలిచిననాడేగదా!

దొంగకార్డులు ఏరివేయవలదా యని కొంద రడుగుదురు. వలయును. వాడని యంత్రమునకు అద్దె దండుగ. అది దొంగలకు తెరచిన తలుపు కూడ. తొలగించుటను మేము నిందించుటలేదు. కనబడనివానిని లేనివానిగా నెంచుటను నిందించుచున్నాము.

ఈ విషయమున యంత్రములు చేసినవారే కొంత వివేకము నేర్చిరి. ఏమేమి పోవునో ముందుగా చూపు సదుపాయము పెట్టిరి. తొలగింపరాదను తాళము కల్పించిరి. పోయిన ఆటోమేషను అకౌంటును 30 దినములలోపల మరల తెచ్చుకొను వీలుంచిరి. ఆ రెండవ రీతిని క్రమముగా విడువుడని వారే చెప్పుచున్నారు. ఇనుపపెట్టెకు దొరకిన యీ గడువు బీదరాలి బియ్యమునకు దొరకవలదా? తీసివేయబడు ప్రతి పేరును ఒకరు చదువవలయును. ఆ యింటికి ముందుగా తెలుపవలయును. ఆజ్ఞక్రింద నొక మనుష్యుని సంతకముండవలయును. యంత్రము తొలగించినదని చెప్పి తప్పించుకొనుట ధర్మము గాదు. యంత్రమునకు పట్టిక వ్రాసియిచ్చినది మనమే.