చూపుల కుందేళ్లు

కిందటి ఎండాకాలం ఒక పెళ్లి సంబంధం పని మీద కామారెడ్డి వెళ్లాను. అంతదూరం వెళ్లి, సదాశివనగర్‌లో ఉన్న చెల్లెలి గడప తొక్కకుండా వస్తే ఇంకేమైనా ఉందా! నిజామాబాదు వైపు వెళ్లే హైవే మీదే ఆ ఊరు. బస్సు దిగి వెళ్లి గేటు తీశానో లేదో, వేపచెట్టు కింద వరసగా జాలీ పెట్టెలు, వాటి మీద తడి గోనెసంచులు కనిపించాయి. లోపల కుందేళ్లు!

డిగ్రీ చదువుతున్న మా చెల్లెలి కూతురి వ్యాపారమట అది. ఒక మగదాన్నీ రెండు ఆడవాటినీ తెచ్చి మొదలుపెట్టింది. పిల్లల్ని అమ్ముకుని పరీక్ష ఫీజు తనే కట్టుకుంటోంది.

"కోసుకు తినడానికా?" అన్నాను భయంభయంగా.

"కాదు పెద్దమ్మా, సాదుకునేటోళ్లకే. చూడ ముద్దుగ ఉండాలె, గంతే."

మాంసం ముట్టని ఇల్లేమీ కాదు మాది. అయినా ఆ మాటతో నా ప్రాణం కుదుటపడింది. ఎందుకో మరి!

నెల రోజులకే ఈనుతుందట కుందేలు. ఈనేముందు తన ఒంటి బొచ్చు తనే పీక్కుని పిల్లలకు పక్క వేస్తుందట. పుట్టిన పిల్లలకు బొచ్చుండదు, కళ్లు తెరవవు. పది, పన్నెండు రోజులకు గానీ లోకం చూడవు. ఇవన్నీ చెబుతుంటే, ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, నేనే ఆ పెట్టె ముందు చిన్నపిల్లలా చతికిలబడ్డాను.

ఆ సాయంత్రం ఒక కుటుంబం కుందేళ్లు కొనడానికి వచ్చింది. తెల్లగా ఉన్నదాన్ని చూపించమన్నారు. ఎత్తి చూశారు, తిప్పి చూశారు. ఒకదాని చెవి వాలి ఉందని పక్కన పెట్టారు. నాకు మా ఇంట్లో జరిగిన పెళ్లిచూపులు గుర్తొచ్చాయి. నడవమనడం ఒక్కటే తక్కువ!

అమెరికాలో దీనికి పెద్ద తతంగమే ఉంది. అక్కడి కుందేళ్ల పెంపకందార్ల సంఘం 1910 నాటిది. ఏ జాతికి బరువెంత ఉండాలో, బొచ్చు ఎలా ఉండాలో చెప్పడానికి వాళ్లకొక గ్రంథముంది. పేరు 'స్టాండర్డ్ ఆఫ్ పర్ఫెక్షన్'. ఇంగ్లిష్ లాప్ అనే జాతికి చెవులు ఎంత పొడుగ్గా వేలాడితే అంత అందమట! సదాశివనగర్‌లో వంక అయినది అక్కడ బహుమతి తెస్తుందన్నమాట. 1902లో ఒహాయోలో మొదలైన పిల్లల క్లబ్బుల నుంచి ఎదిగిన ఫోర్-హెచ్ సంస్థలో చదువుకునే పిల్లలు కుందేళ్లను పెంచి, మేత ఖర్చులతో సహా పుస్తకంలో రాసుకుని, సంతల్లో ప్రదర్శనకు తీసుకెళతారు. ఫోర్-హెచ్ అంటే తల, హృదయం, చేతులు, ఆరోగ్యం. చూపుల వ్యాపారంలోనూ హృదయానికి ఒక చోటు మిగిల్చారు కదా అనుకున్నాను.

ఇంతకీ ఆ సాయంత్రం బేరం కుదరలేదు. డబ్బు ఇవ్వబోతున్నాయనకు మా పిల్ల ఒక కాగితం ఇచ్చింది. అందులో నాలుగే మాటలు. ఎండ తగలనివ్వకండి, వేడికి తట్టుకోలేవు. రోజూ గడ్డి ఉండాలి, పళ్లు పెరుగుతూనే ఉంటాయి. చెవులు పట్టి ఎత్తకండి. ఎనిమిది, పదేళ్లు బతుకుతాయి, ఆలోచించి తీసుకోండి.

ఆయన చదివి, "మా ఇంటి డాబా మీద నీడ లేదమ్మా" అని నిజాయితీగా చెప్పి, ఏడుపు మొహం పెట్టిన పాపను ఎత్తుకుని వెళ్లిపోయాడు.

మా చెల్లెలు ఊరుకుంటుందా! "వచ్చిన బేరం చేతులార చెడగొడ్తివి. అమ్మినంక మనకేం సంబంధం? వంకాయలమ్మెటామె, కూర ఎట్ల వండిండ్రని వెనకెనక పోతదా?"

నాకూ అది సబబుగానే తోచింది. అమ్మిన ప్రతిదాని వెంటా మనం వెళ్లగలమా? ఎక్కడో ఒక గీత గీసుకోవాలి కదా!

పిల్ల కాసేపు మాట్లాడలేదు. తరవాత చెప్పింది. ఏప్రిల్‌లో ఎవరో పుట్టినరోజుకని ఒక జత కొనుక్కెళ్లారట. వారం తిరక్కుండానే మధ్యాహ్నపు ఎండలో డాబా మీద రెండూ చచ్చిపోయాయట.

"ఆళ్లకు తెల్వదు పెద్దమ్మా. నాకు తెలుసు. మా దగ్గర గోనెసంచులు తడుపుతనే ఉంటి. బేరం పోతదేమోనని చెప్పలే. తెలిసి చెప్పకపోతే ఆ తప్పు ఎవరిది?"

నేను వెతుకుతున్న గీత ఆ మాటలో దొరికింది. వంకాయను ఎలా వండాలో కొనే ఇల్లాలికి తెలుసు. అమ్మేవాళ్లకు తెలిసి, కొనేవాళ్లకు తెలియనిది ఏదుందో, అంతమేరా బాధ్యత అమ్మేవాళ్లదే. డబ్బు చేతులు మారినా అది మారదు. ఆ తరవాత, చెప్పినా వినకపోతే అది వాళ్ల పాపం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను వచ్చిన పని గుర్తొచ్చింది. నా స్నేహితురాలి కొడుకు బంగారంలాంటి కుర్రాడు. చిన్నప్పటి నుంచీ చక్కెర వ్యాధి, రోజూ ఇన్సులిన్ తీసుకుంటాడు. "ఆ సంగతి పెళ్లయ్యాక చెప్పుకోవచ్చులే" అని అతని తల్లి నా చేతిలో చెయ్యి వేయించుకుంది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు కదా అని నేనూ సరేనన్నాను. అబద్ధం కూడా కాదు కదా, ఊరికే చెప్పకపోవడమే కదా అని సర్దిచెప్పుకున్నాను. ఇన్సులిన్‌తో నిక్షేపంగా కాపురం చేసుకుంటున్నవాళ్లు ఎంతమంది లేరు! అది వంక కాదు. కానీ దాచామంటే, దాన్ని వంక చేసింది మనమే.

పొద్దున్నే స్నేహితురాలికి ఫోన్ చేసి, చెప్పకుండా నేను ఆ గడప ఎక్కలేనన్నాను. చాలాసేపు కోపగించుకుంది. చివరికి, "నీ ఇష్టం" అని పెట్టేసింది. కామారెడ్డి వెళ్లి పెళ్లికూతురి తల్లిని పక్కకు పిలిచి అంతా చెప్పాను. ఆవిడ వెంటనే ఏమీ అనలేదు. "మా అమ్మాయినీ ఒక మాట అడుగుతా" అంది.

ఇంకా కబురు రాలేదు. కుదురుతుందో లేదో తెలియదు. నా స్నేహితురాలు కూడా ఇంతవరకు నాతో మాట్లాడలేదు. మా పిల్ల మాత్రం ఎండలు తగ్గేదాకా అమ్మకం ఆపేసింది. పరీక్ష ఫీజుకు నేను డబ్బిస్తే, అప్పని రాసుకుని మరీ తీసుకుంది.

చెవి వాలిన కుందేలు ఇంకా అక్కడే ఉందట. తీసుకునేవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. కాకపోతే ముందు ఆ కాగితం చదవాలి సుమండీ!