తాయిలాన్ని కాదనగలగాలి

కుక్క కాటుకు చెప్పుదెబ్బ అన్న మాటను నేను ఎన్నడూ నమ్మలేదు. కానీ దాని స్థానంలో ఇప్పుడు చెబుతున్న పద్ధతి మీద కూడా ఒక సందేహం నన్ను వదలడం లేదు. ఇంటికొచ్చిన వాళ్ల మీదికి ఎగబడకుండా పెంపుడు కుక్క నాలుగు కాళ్లూ నేల మీద ఉంచితే ఒక ముక్క అందించాలి. మొరుగుడు ఆపిన క్షణంలో ఇంకొకటి, పిలవగానే వస్తే మరొకటి. ఇలా చేస్తే దాని నడత మారుతుందనడంలో నాకు అనుమానం లేదు. అనుమానమంతా ఆ ముక్క గురించే. ఇది లంచం కాదా? సామ దాన భేద దండాలలో చివరిది వదిలి రెండోది పట్టుకున్నాం, అంతే కదా! నాలుగూ ఎదుటి ప్రాణిని లొంగదీసుకునే ఉపాయాలే. కొట్టి లొంగదీసుకోవడం కంటే పెట్టి లొంగదీసుకోవడం మెత్తనిదే కావచ్చు. మెత్తనిదైనంత మాత్రాన న్యాయమైనది అవుతుందా?

దీనికి తోచే మొదటి జవాబు, ఆ లంచం ఈరోజు కొత్తగా మొదలైంది కాదని. పనికి మంచి ఫలితం దక్కితే ప్రాణి ఆ పనిని మళ్లీ చేస్తుందని మనస్తత్వవేత్త థార్న్‌డైక్ 1898లోనే పెట్టెల్లో ఉంచిన పిల్లులతో చూపించాడు. ఈ సూత్రం శిక్షకుడు వచ్చేదాకా ఆగదు, ప్రతి ఇంట్లో పొద్దున్నించి రాత్రిదాకా నడుస్తూనే ఉంటుంది. కుక్క మీదికి ఎగబడితే రెండు చేతులతో తోసి, కళ్లలోకి చూసి "ఛీ, దిగు" అంటాం. రోజంతా ఒంటరిగా గడిపిన దానికి ఆ స్పర్శ, ఆ చూపు, ఆ మాట మూడూ దక్కుతాయి. భోజనాల వేళ ముగ్గురు వద్దని కసిరినా, నాలుగో మనిషి జాలిపడి వారానికోసారి కంచంలోంచి ఒక ముద్ద వేస్తారు. ఇలా ఎప్పుడో ఒకసారి దొరికే ఫలితమే అలవాటును అన్నిటికన్నా మొండిగా నిలబెడుతుందని మనస్తత్వవేత్త స్కిన్నర్ పరిశోధనలు తేల్చాయి. పట్టించుకోవడం మానేస్తే మొరుగుడు తరచూ ముందు పెరిగి, ఆ తర్వాతే తగ్గుతుంది. పెరిగిన వేళ ఓపిక నశించి పలకరించామా, ఇంత గట్టిగా మొరిగితేనే పలుకుతారన్న పాఠం చెప్పినట్టే. కుక్కను సింహాసనం ఎక్కించినా బుద్ధి మారదని శతకాల్లో చదువుకున్న మనం, దాని బుద్ధి అనుకుంటున్నదాంట్లో చాలాభాగం మన ఇల్లు పెంచి పోషించిందేనని ఒప్పుకోవాలి. ఎటూ ఫలితం ఇస్తూనే ఉన్నాం కనుక, ఏ పనికి ఇస్తున్నామన్నదే చూసుకోవలసింది.

దండన పనిచేయదని నేను అనను. గొలుసు గుంజితే కుక్క ఆగుతుంది, చెయ్యెత్తితే మూలకు పోతుంది. కానీ అది ఏం నేర్చుకుంది? చెప్పు కొరికిన కుక్క చెవులు వాల్చి చూపు తిప్పుకుంటే, తప్పు చేశానని దానికి తెలుసంటాం. పరిశోధకురాలు అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 14 కుక్కలతో దీన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. వద్దన్నది తిన్నదా లేదా అన్నదాన్ని బట్టి ఆ చూపు మారలేదు. యజమాని తిట్టినప్పుడే ఎక్కువైంది, తినకుండానే తిట్లు పడిన కుక్కల్లో మరీ ఎక్కువైంది. మనం పశ్చాత్తాపం అనుకున్నది మన కోపానికి జవాబు మాత్రమే. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కల మీద చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. దండించే శిక్షణ పొందిన కుక్కల లాలాజలంలో, శిక్షణ తర్వాత, ఒత్తిడిని సూచించే కార్టిసాల్ ఎక్కువగా పెరిగింది. మొండి కుక్కలనే అలాంటి శిక్షణకు తీసుకెళ్లి ఉండొచ్చు కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ పెరుగుదలను అదే కుక్క ఇంట్లో ఉన్నప్పటి స్థాయితో పోల్చి లెక్కగట్టారు. ఇంకొక మాట: గుర్రుమనడం కుక్క చేసే హెచ్చరిక. కొట్టి దాన్ని మాన్పిస్తే లోపలి భయం అలాగే మిగిలి, హెచ్చరిక ఒక్కటే పోవచ్చు. అప్పుడు ఆ కుక్క మునుపటికంటే ప్రమాదకరం. రోడ్డు మీదికి దూకబోయే కుక్కకు తాయిలం చూపిస్తూ కూర్చోవాలా అంటే, అక్కర్లేదు, పట్టి ఆపాలి. ప్రమాదం నుంచి ఆపడం వేరు, నేర్పడం వేరు. ఆపిన చెయ్యి కొట్టవలసిన పని లేదు.

ఇంత చెప్పుకున్నా మొదటి సందేహం తీరలేదు. తాయిలాన్ని లంచం అనకుండా జీతం అందామా అనుకున్నాను. అదీ కుదరదు. జీతం నచ్చనివాడు పని మానుకుని పోగలడు. కుక్క ఎక్కడికి పోతుంది? దాని తిండీ తలుపూ రెండూ మన చేతిలోనే ఉన్నాయి. ఇక్కడ నాకు దారి చూపింది కుక్క కాదు, ఉత్తర అమెరికాలో ఉండే రకూన్ అనే జంతువు. స్కిన్నర్ దగ్గర పనిచేసిన కెల్లర్, మేరియన్ బ్రెలాండ్ దంపతులు తమ అనుభవాలను 1961లో ఒక వ్యాసంగా రాశారు. నాణేలను డబ్బాలో వేస్తే తిండి పెడతామని రకూన్‌కు నేర్పారు. ఒక నాణెంతోనే దానికి కష్టమైంది. రెండు నాణేలు ఇచ్చేసరికి వాటిని ఒకదానికొకటి రుద్దుతూ కూర్చుంది, తిండి పోతున్నా వదల్లేదు. తిండిని కడిగినట్టు చేతుల్లో రుద్దడం దాని సహజ గుణం. తిండి ఆశకు కూడా హద్దుందని, ప్రాణి స్వభావం ఆ ఆశను కాదనగలదని ఆ వ్యాసం నాకు చెప్పింది. దీపావళి రాత్రి మంచం కింద దూరిన కుక్క ముందు మాంసం ముక్క పెట్టినా చాలాసార్లు ముట్టదు. భయం ఎక్కువైనప్పుడు దానికి ఆకలి ఉండదు. ఆ కాదనడమే దాని మాట.

తాయిలానికీ దెబ్బకూ తేడా నాకు ఇక్కడే కనిపించింది. తాయిలాన్ని కుక్క కాదనగలదు, దెబ్బను కాదనలేదు. అయితే ఈ తేడా నిలిచేది మనం దాని నిరాకరణను ఆలకించినప్పుడే. ఆకలితో మాడ్చి ముక్క చూపిస్తే కాదనే వీలే ఉండదు, అది తిండి రూపంలో ఉన్న దండమే. పది గంటలు ఫ్లాట్‌లో ఒంటరిగా బంధించి, మొరగనందుకు బిస్కెట్ ఇవ్వడమూ అలాంటిదే. అక్కడ మార్చవలసింది కుక్క నడతను కాదు, ఆ పది గంటలను. అందుకే కుక్కను పెంచేవారికి నా మనవి ఒక్కటే. దానికి రోజూ పెట్టవలసిన తిండి, నడక, తోడు దక్కనివ్వండి, ఆ పైన తాయిలంతో నేర్పండి. అది తాయిలం వైపు చూడకుండా మొహం తిప్పుకున్న రోజు పాఠం ఆపేసి, దాన్ని భయపెడుతున్నది ఏమిటో వెతకండి.