బదులు వచ్చినవాని ధర్మం

"అంతంత జీతాలు తీసుకునేవాళ్ళకు సమ్మె ఎందుకండీ?" అనే ప్రశ్న మన ఇళ్ళలో విందు భోజనాల దగ్గర తరచు వినబడుతుంది. విమానాలు నడిపేవారు సమ్మె చేసినా, సినిమా నటులు చేసినా, చివరకు డాక్టర్లు చేసినా ప్రశ్న మాత్రం అదే. అడిగేవారి ఉద్దేశం ప్రశ్న కాదు, తీర్పు. సమ్మె అనేది పేదవాని ఆయుధం, కడుపు నిండినవాడు దాన్ని పట్టుకోవడం తగదు అని వారి భావం. ఈ భావాన్ని కొంచెం నిదానంగా పరిశీలించాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఇందుకు ఉదాహరణగా అమెరికన్ ఫుట్‌బాల్‌ను తీసుకుంటున్నాను. క్రికెట్‌కు అలవాటు పడిన మన కళ్ళకు ఈ ఆట వట్టి తోపులాటలాగా కనిపిస్తుంది. వచ్చిన కొత్తలో నాకూ అంతే. అయితే నేను వైద్యం చేసే ఈ వాషింగ్టన్ ప్రాంతంలో అరవై దాటిన రోగులు రక్తపోటు చూపించుకుంటూ కూడా తమ జట్టు సంగతి ఎత్తకుండా ఉండరు. వారి నోట ఎక్కువగా వినబడే సంవత్సరాలు రెండు: 1982, 1987. రెండుసార్లూ ఆటగాళ్ళ సమ్మె వల్ల సీజన్ కురచ అయిపోయింది. రెండుసార్లూ చివరకు సూపర్ బౌల్ గెలిచింది వాషింగ్టన్ జట్టే. అప్పట్లో ఆ జట్టు పేరు రెడ్‌స్కిన్స్. ఆ పేరు 2020లో వదిలేశారు. 2022 నుంచి కమాండర్స్ అంటున్నారు.

ముందు 1982 సంగతి. రెండు వారాల ఆటలు అయ్యాక సెప్టెంబరు 21న సమ్మె మొదలై 57 రోజులు సాగింది. జట్టుకు 16 ఆటలు ఉండవలసిన సీజన్ 9 ఆటలతో ముగిసింది. వాషింగ్టన్ అందులో 8 గెలిచింది, 1983 జనవరి 30న మయామీని 27-17 తేడాతో ఓడించి విజేత అయింది. ఆ ఏడాదే యజమానులు టెలివిజన్ కంపెనీలతో 200 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందం కుదుర్చుకున్నారు. మొత్తం రాబడిలో 55 శాతం తమకు రావాలని ఆటగాళ్ళు అడిగారు. అది దక్కలేదు. జనానికి మాత్రం ఇరుపక్షాల మీదా విసుగు వచ్చింది. ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరిగినట్లు, స్టేడియంల దగ్గర తినుబండారాలు అమ్ముకునేవారికీ, కార్లు నిలిపే చోట పనిచేసేవారికీ ఆ ఎనిమిది వారాల కూలి పోయింది. దీన్ని చిన్న విషయం అనుకోరాదు. సమ్మె చేసేవారు తాము వదులుకున్నది లెక్క వేసుకున్నప్పుడు, తమవల్ల ఇతరులు పోగొట్టుకున్నది కూడా ఆ లెక్కలో రాసుకోవాలి.

ఇక దురాశ అన్న మాట. ఒక వైద్యునిగా నాకు ఇది వేరే విధంగా కనిపిస్తుంది. మనం డెబ్బై ఏళ్ళ దాకా పనిచేయగలం. ఫుట్‌బాల్ ఆటగాళ్ళలో చాలామంది బతుకుతెరువు నాలుగైదు సంవత్సరాలలోనే ముగిసిపోతుంది. ఆ తరువాత మిగిలేది అరిగిన మోకాళ్ళు, వంగని నడుము. 1982 ఒప్పందంలో డబ్బు సంగతి అందరికీ గుర్తుంది కాని, అందులోనే మరొకటి ఉంది. గాయపడిన ఆటగాడు వేరే వైద్యుని అభిప్రాయం తీసుకోవచ్చు, తన శస్త్రచికిత్స ఎవరు చేయాలో తానే ఎంచుకోవచ్చు అనే హక్కులు రాతపూర్వకంగా వచ్చాయి. జట్టు డాక్టరును నియమించేది యజమాని. "ఆదివారం నాటికి ఆడగలడా?" అన్నది యజమాని ప్రశ్న. "నలభై ఏళ్ళు వచ్చాక నడవగలనా?" అన్నది ఆటగాని ప్రశ్న. ఈ రెంటికీ జవాబు ఒకే డాక్టరు చెప్పవలసి వస్తే ఏ ప్రశ్న ముందుకు వస్తుందో వృత్తిలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

పిట్స్‌బర్గ్ జట్టులో పేరుపొందిన మైక్ వెబ్‌స్టర్ 2002లో 50 ఏళ్ళకే చనిపోయాడు. ఆయన మెదడును పరీక్షించి, పదే పదే తగిలిన దెబ్బల వల్ల వచ్చిన క్షీణతను గుర్తించినవారు డాక్టర్ బెన్నెట్ ఒమాలు. నైజీరియా నుంచి వచ్చినవారు, మనలాగే వలస వైద్యులు. వారి పరిశోధన 2005లో అచ్చయింది. 1982లో పని మానిన కుర్రవాళ్ళకు ఈ సంగతి తెలియదు. తమ శరీరం గురించి యజమానికి సంబంధం లేని వైద్యుని మాట కూడా వినాలని మాత్రం వారు పట్టుబట్టారు. కాబట్టి జీతం ఎంత అన్నదానితో సమ్మె న్యాయాన్ని కొలవడం సరికాదు. ఎక్కువ జీతం తీసుకునేవాని మోకాలు కూడా మోకాలే.

అసలు చిక్కు 1987లో వచ్చింది. ఒప్పందం ముగిసిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుకు పోగలగాలి అన్నది ఈసారి ముఖ్యమైన కోరిక. సెప్టెంబరు 22న సమ్మె మొదలైంది. యజమానులు ఒక వారం ఆటలు రద్దు చేసి, ఆ తరువాత మూడు వారాలు బయటి నుంచి తెచ్చిన బదులు ఆటగాళ్ళతో నడిపించారు. టెలివిజన్‌లో ఆటలు వస్తూనే ఉన్నాయి, ఆ ఫలితాలన్నీ పట్టికలో చేర్చారు. ఫిలడెల్ఫియాలో అక్టోబరు 4న అంత పెద్ద స్టేడియంకు వచ్చినవారు 4,074 మంది మాత్రమే. అయినా యజమానుల పని జరిగిపోయింది. డాలస్ వంటి జట్లలో పేరున్నవారే కొందరు సమ్మె విడిచి లోపలికి వెళ్ళారు. 24 రోజులకు, ఏ ఒప్పందమూ లేకుండానే, ఆటగాళ్ళు తిరిగి పనిలోకి వచ్చారు.

వాషింగ్టన్ జట్టులో మాత్రం సమ్మె చేసినవారు ఒక్కరు కూడా గీత దాటలేదు. అదే జట్టుకు వచ్చిన బదులు ఆటగాళ్ళు మూడుకు మూడు ఆటలూ గెలిచారు. మూడవది అక్టోబరు 19న, డాలస్‌తో. ఎదుటి జట్టులో సమ్మె విడిచి వచ్చిన హేమాహేమీలు ఉన్నారు. ఇటువైపు క్వార్టర్‌బ్యాక్ గాయపడితే అతని బదులు దిగినవాడు జైలు నుంచి అనుమతి మీద వచ్చి ఆడుతున్న కుర్రవాడు. 13-7తో వీరే గెలిచారు. తరువాత అసలు జట్టు తిరిగివచ్చి, 15 ఆటల సీజన్‌ను 11 గెలుపులతో ముగించి, 1988 జనవరి 31న డెన్వర్‌ను 42-10తో ఓడించింది. ఆ పదకొండులో మూడు బదులు వచ్చినవారివి. విజేతల ఉంగరాలు మాత్రం వారికి ఇవ్వలేదు. ముప్పై ఏళ్ళ తరువాత, 2018లో ఇచ్చారు.

ఇప్పుడు చెప్పండి, వీరిలో తప్పు ఎవరిది? సమ్మె సమయంలో లోపలికి పోయి పనిచేసేవానిని ఇక్కడ స్కాబ్ అంటారు. పుండు మీద కట్టే పక్కుకు ఉన్న పేరే ఆ మనిషికి పెట్టారు. నాకు ఈ తిట్టు పూర్తిగా న్యాయంగా తోచదు. ఆ కుర్రవాళ్ళలో చాలామంది కళాశాలల్లో బాగా ఆడి, జట్లలో చోటు దొరకక, ఏదో ఒక పని చేసుకుంటున్నవారు. వారికి సంఘం లేదు, సంఘంలో మాట లేదు. జన్మలో ఒక్కసారి తలుపు తెరుచుకుంటే లోపలికి వెళ్ళారు. ఆకలిని తప్పు పట్టలేము. అయితే ఆకలి తప్పు కాకపోయినంత మాత్రాన, ఆ ఆకలిని ఎవరు ఎందుకు వాడుకుంటున్నారో చూడకుండా ఉండడం కూడా ఒప్పు కాదు. ఆ మూడు వారాలలో యజమానులు కొన్నది వారి ఆటను కాదు, బయట నిలబడినవారి నోరు మూయించే సాధనాన్ని. నేరంలో పెద్దపాలు ఆ కొన్నవారిది. బదులు వచ్చినవాని పాలు చిన్నదే, కాని బొత్తిగా లేదనలేము.

ఒకరి స్థానంలో ఇంకొకరు రావడం దానంతట అది దోషం కాదు. ఆ సూపర్ బౌల్‌లో జట్టును గెలిపించిన డగ్ విలియమ్స్ ఆ ఏడాది చాలాకాలం రెండవ వరుసలో కూర్చున్నవాడే. మొదటివాని చోటుకు వచ్చి, సూపర్ బౌల్ గెలిచిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. అతనూ బదులు వచ్చినవాడే, కాని అతను వచ్చింది ఎవరి నోరూ మూయడానికి కాదు. కనుక చూడవలసినవి రెండు. నేను వెళ్ళే చోటు ఎందుకు ఖాళీ అయింది? నేను వెళ్ళడం వల్ల మేలు ఎవరికి?

ఈ రెండు ప్రశ్నలూ వలస వచ్చిన డాక్టర్లమైన మనకు కొత్తవి కావు. 1965 వలస చట్టం తరువాత మన పెద్దలు ఈ దేశానికి వచ్చి, ఇక్కడివారు పోవడానికి ఇష్టపడని పల్లెల్లో, పేదల ఆసుపత్రుల్లో చేరారు. అవి ఎవరూ నిరసనగా ఖాళీ చేసిన చోట్లు కావు, వారు వెళ్ళడం వల్ల మేలు రోగికి. ఇప్పటికీ మన పిల్లలు వీసా షరతుల మీద అలాంటి చోట్లకే పోతున్నారు. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

సమ్మె వేళ ఆసుపత్రిలో న్యాయం ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. ఆట ఒక ఆదివారం ఆగితే ఎవరూ చావరు. గుండెనొప్పితో వచ్చినవానిని ఆపలేము. అందుకే ఇక్కడి చట్టం 1974 నుంచి ఆసుపత్రుల్లో సమ్మెకు పది రోజుల ముందు నోటీసు ఇవ్వాలంటుంది. అందుకే మన దగ్గర జూనియర్ డాక్టర్లు సమ్మె చేసినప్పుడు మొదట ఓ.పి. మాని, ఎమర్జెన్సీని నడిపే ఆనవాయితీ ఉంది. 2023 మే నెలలో న్యూయార్క్ క్వీన్స్‌లోని ఎల్మ్‌హర్స్ట్ ఆసుపత్రి రెసిడెంట్లు మూడు రోజులు సమ్మె చేశారు. అదే యాజమాన్యం కింద మన్‌హట్టన్‌లో పనిచేసే తోటివారికి ఇచ్చే జీతం తమకూ ఇవ్వాలన్నారు. వారిలో చాలామంది విదేశాలలో చదివి వచ్చినవారు. 2020లో కోవిడ్ విరుచుకుపడినప్పుడు దేశమంతా చూసిన ఆసుపత్రి అది. ఆ మూడు రోజులూ వార్డులు చూసుకోవలసిన పని సీనియర్ వైద్యుల మీద పడింది. వారిని స్కాబ్ అనగలమా? అనలేము. రోగిని చూడడం వారి విధి. కాని అదే సీనియర్, "మీరు లేకపోయినా పని జరుగుతోంది కదా" అని ఆ పిల్లలతో అంటే, ఆ మాటతో విధి దాటి యజమాని పక్షం చేరినట్లే. చేయి చేసే పని ఒకటే అయినా, నోరు ఎవరి పక్షం మాట్లాడుతుందన్నది వేరే.

చివరగా ఫలం సంగతి. 1987లో ఆటగాళ్ళు ఓడిపోయారు. తరువాత కోర్టులకు వెళ్ళారు. 1992లో మినియాపొలిస్‌లో జ్యూరీ వారి పక్షం తీర్పు చెప్పింది. 1993లో కోరిన స్వేచ్ఛ వచ్చింది. అప్పటికి సమ్మెలో నిలబడినవారిలో ఎందరో ఆట నుంచి తప్పుకున్నారు. జీతం వదులుకున్నది ఒకరు, అనుభవించింది ఇంకొకరు. మన వృత్తిలోనూ అంతే. 1975 మార్చిలో న్యూయార్క్ రెసిడెంట్లు పని గంటల విషయమై సమ్మె చేశారు. వారానికి 80 గంటలకు మించరాదన్న నియమం దేశమంతటా వచ్చింది 2003లో. నేను రెసిడెన్సీ చేసింది ఆ నియమం నీడలో. 1975లో వీధిలో నిలబడినవారి పేరు ఒక్కటి కూడా నాకు తెలియదు. కాని పొద్దున ఇంటికి వెళ్ళి నిద్రపోయిన ప్రతిరోజూ వారి అప్పు తిన్నట్లే లెక్క. తనకు రాని పంట కోసం జీతం వదులుకున్నవానిని దురాశాపరుడు అనడానికి నాకు నోరు రాదు.

కాబట్టి కొత్తగా వచ్చే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నా మనవి ఇది. వీసా మీద ఉన్నవారిని సమ్మెలో ముందు నిలబడమని నేను అనను, ఆ భయం ఎలాంటిదో ఎరుగుదును. ఖాళీ అయిన చోటుకు రమ్మని పిలుపు వస్తే, ఎందుకు ఖాళీ అయిందో మాత్రం తప్పకుండా అడగండి. రోగి కోసం అయితే వెళ్ళండి. వెళ్ళినా, బయట నిలబడినవారిని తక్కువ చేసి మాట్లాడకండి. ఈసారి భోజనాల దగ్గర "అంత జీతం తీసుకుంటూ సమ్మె ఎందుకు?" అని ఎవరైనా అంటే, వాళ్ళు అడిగింది ఏమిటో, అది చివరకు ఎవరికి దక్కుతుందో ముందు కనుక్కుందాం. దీనితో ఏకీభవించని మిత్రులు, ముఖ్యంగా సొంత క్లినిక్కులు, వ్యాపారాలు నడుపుతూ జీతాలు ఇచ్చే స్థానంలో ఉన్నవారు, తమ అభిప్రాయం కూడా రాస్తే చదవాలని ఉంది.