ఒకే త్రాసు అందరికీ న్యాయమేనా?

కరీబియన్ దీవులైన సెయింట్ లూసియా, డొమినికాల్లో అరటి తోట అంటే చాలామందికి కొండవాలు మీది చిన్న భూమి చెక్కే. గెలలకు నీలం ప్లాస్టిక్ సంచులు తొడుగుతారు. కోతరోజున ఇంటిల్లిపాదీ కదిలి, కాయకు మచ్చ పడకుండా పెట్టెల్లో సర్దుతారు. ఈక్వెడార్ మైదానాల్లోని పెద్ద తోటల ధరతో ఆ పెట్టె పోటీపడలేదు.

అందుకే ఐరోపా తన పాత వలసల అరటికి సుంకాల్లో, కోటాల్లో ప్రత్యేక చోటిచ్చింది. అమెరికా ఐరోపాకు అరటి అమ్మే దేశమేమీ కాదు. అయినా తన కంపెనీల కోసం ఈక్వెడార్, గ్వాటెమాలా, హోండురాస్, మెక్సికోలతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ మెట్లెక్కింది. ఐరోపా కోటాలు, లైసెన్సుల పద్ధతి నిబంధనలకు విరుద్ధమని 1997లో తీర్పొచ్చింది.

ధర్మసందేహం ఇక్కడే.

సమానులను సమానంగా, అసమానులను వారి తేడాను బట్టి చూడడమే న్యాయమన్నాడు అరిస్టాటిల్. ఆ లెక్కన దీవి రైతుకు మినహాయింపు సబబే. కానీ ఈక్వెడార్ తోటలో గెలలు మోసే కూలీ కలవాడా? ఒక పేదకు తెరిచిన తలుపు మరో పేదకు మూసుకుపోతే, దాన్ని కరుణ అనాలా, పాత వలస బంధుత్వమనాలా? కొండవాలు, తుపాను, చిన్న కమతం: ఈ ఇబ్బందులను కొలమానంగా పెట్టుకున్న మినహాయింపు నిలుస్తుంది. పాత జెండాను చూసి ఇచ్చింది నిలవదు.

2009 జెనీవా ఒప్పందంతో ఐరోపా సుంకాలు దశలవారీగా తగ్గాయి. 2012లో వివాదం అధికారికంగా ముగిసింది. ఆ ప్రత్యేక చోటు పొందిన పది దేశాలకు కలిపి ఐరోపా నుంచి సుమారు 19 కోట్ల యూరోల సర్దుబాటు సాయం దక్కింది. అప్పటికే ఈ దీవుల్లో వేలాదిమంది అరటి సాగు మానేశారు.